మొదటి పోటు

మ్యూజియం అనగానే పాలరాతి మెట్లు, గాజు తలుపులు ఊహించుకునేరు, అంత సీను లేదు. ఒకప్పటి కలప డిపో ఆఫీసు అది. రెండు గదులు, వెనక ఒక రేకుల షెడ్డు, ఆ వెనక ఖాళీ స్థలం, అంతే. ముందు గదిలో ఊరి పాత ఫోటోలు. లోపలి గదిలో అడవి పని సామాన్లు: ఇద్దరు లాగే పెద్ద రంపాలు, పిడి అరిగిపోయిన గొడ్డళ్ళు, దుంగల మీద గుర్తులు కొట్టే ఇనప సుత్తులు, చెట్ల బంక పట్టే మట్టి పిడతలు. వీటన్నిటికీ దుమ్ము దులిపి, వచ్చినవాళ్ళకి కథలు చెప్పి, సాయంత్రం తాళం వేసుకుని వెళ్ళే మనిషి ఒకావిడ ఉంది. పిల్లా పెద్దా అందరూ ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తారు. మనం కూడా అక్కే అందాం.

అక్కకి ఆ గదుల్లో ప్రతి వస్తువూ ఇష్టమే, ఒక్కటి తప్ప. కిటికీ పక్కన పెట్టిన ఒంటికాలి పీట. బొగ్గుల బట్టీకి కాపలా ఉండేవాడు దాని మీదే కూర్చునేవాడు. కాస్త కునుకు పట్టిందా, పీట ఒరిగి మనిషి దబ్బున కింద పడతాడు, దెబ్బకి మెలకువ వస్తుంది. స్కూలు పిల్లలొస్తే ముందు దాని మీదికే ఎగబడతారు. ఒకడు కూర్చోవడం, ఇంకొకడు తోసెయ్యడం, అందరూ కలిసి "నిద్రమొహం! నిద్రమొహం!" అని చప్పట్లు కొట్టడం. పిల్లల్ని అనుకుని ఏం లాభం? ఆ మాట నేర్పింది పెద్దలే. పీట పైన గోడకి బోర్డు కూడా తగిలించారు. కాపలావాడు నిద్రపోవడం వల్ల బట్టీ అంటుకుని తూర్పు కొండ అడవంతా బూడిదైపోయిందట, ఈ పీట అతనిదేనట. పేరు మాత్రం రాయలేదు, మహా ఉపకారం చేశారు! ఊళ్ళో తెలియనిదెవరికి గనక? ఆ కాపలావాడు అక్క సొంత తమ్ముడు.

అప్పటికి తమ్ముడికి ఇంకా పెళ్ళి కాలేదు. మంటలు కొండ దిగి బట్టీ పనివాళ్ళ గుడిసెల దాకా వచ్చాయి. ప్రాణాలు పోలేదు గానీ బతుకులు పోయాయి. అడవి లేక పని లేదు, పని లేక ఊళ్ళో సగం మంది చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. జనం వాణ్ణి చుట్టుముట్టి ఏం జరిగిందిరా అని నిలదీస్తే, తల వంచుకుని "కన్నంటుకుంది" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. బట్టీ పనిలో అంతకంటే తలవంపులు ఇంకోటి ఉండవు. ఆ తర్వాత ఎవరూ వాడికి కాపలా పనే ఇవ్వలేదు. ఎక్కడికో పోయి బస్తాలు మోసుకుంటూ, ఒంటరిగా దగ్గి దగ్గి పోయాడు.

మరి అక్క సంగతి? బట్టీల మేస్త్రి తమ్ముడితో అప్పటికే పెళ్ళి కుదిరి ఉంది. అక్కకి ఆ అబ్బాయంటే ప్రాణం. మెత్తని మనిషి, మాట పైకి రాదు, నవ్వితే కళ్ళతో నవ్వుతాడు. అడవి తగలబెట్టినవాడి అక్కని ఎవరు చేసుకుంటారు, ఇంక ఆ సంబంధం గంగలో కలిసినట్టేనని ఊరంతా అనుకున్నారు. అప్పుడు మేస్త్రి నలుగురిలో నిలబడి, "తమ్ముడు చేసిన తప్పుకి అక్కకేం శిక్షయ్యా? ఆ పిల్ల మా ఇంటి కోడలే" అన్నాడు. ఆహా, ఏం మనసు, ఏం మనసు అని జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. అక్క కూడా పెట్టుకుంది. అత్తారింటికొచ్చిన రోజు నుంచి బావగారి మాటే వేదం. ఆయన చెప్పులు ఎండలో ఉంటే నీడలో పెట్టేది, ఆయన తుమ్మితే ఈవిడ వేడినీళ్ళు పెట్టేది.

ఆ బావగారే ఇప్పుడు మ్యూజియం అధ్యక్షుడు. మైకు దొరికితే చాలు, చంటిపిల్లాడికి పాలసీసా దొరికినట్టే. నోట్లో నువ్వుగింజ నానదు ఆయనకి. అలాంటి మనిషి ఒక్క విషయాన్ని మాత్రం ఇన్నేళ్ళు ఎలా నానబెట్టాడో, అదీ వినండి.

మ్యూజియంలోకి ఒక కొత్త పెట్టె వచ్చింది, బటన్ నొక్కితే కథ వినిపించే పెట్టె. అడవి కాలిన కథ బావగారి గొంతుతోనే ఉండాలన్నారు. ఇంకెవరి గొంతుతో ఉంటుంది లెండి! రికార్డింగువాళ్ళు వచ్చి గది మధ్యలో కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టారు. అక్క వెనక గోడ దగ్గర రంపాలకి నూనె రాస్తోంది.

"ఆ రోజు పొద్దున నేను పట్నంలో పని మీద ఉన్నాను. కబురంది మధ్యాహ్నానికి పరిగెత్తుకొచ్చేసరికి ఏముంది, కొండంతా మంటలు" అన్నాడు బావగారు. ఇదంతా అక్క వందసార్లు విన్న పాటే.

"కాస్త కళ్ళకి కట్టినట్టు చెప్పండి సార్, పొడిపొడిగా ఉంది" అన్నారు రికార్డింగువాళ్ళు.

అలా అంటే ఆయన ఊరుకుంటాడా? గొంతు సవరించుకున్నాడు. "బట్టీ మీద నుంచి తెల్లగా పొగ, పాలనురగలాగా సుళ్ళు తిరుగుతోంది. దగ్గరికి వెళ్తే పుల్లటి వాసన ముక్కు పుటాలు అదరగొట్టేసింది, కళ్ళమ్మట ధారగా నీళ్ళు..."

నూనె గుడ్డ పట్టుకున్న అక్క చెయ్యి రంపం మీదే ఆగిపోయింది.

బట్టీ పని తెలియనివాళ్ళకి ఇందులో ఏముందని అనిపిస్తుంది. చెప్తాను. కట్టెలు నిలువుగా గుండ్రంగా పేర్చి, పైన ఆకులు కప్పి, తడి మట్టితో మెత్తి, లోపల నిప్పు పెడతారు. కట్టె కాలకూడదు, ఉడకాలి. ఉడికేటప్పుడు ముందు దాని ఒంట్లో నీరంతా బయటికొస్తుంది. అదే తెల్లపొగ, దానికే పులుపు వాసన. నీరంతా పోయాక పొగ నీలంగా, పల్చగా తేలుతుంది. అప్పుడు కన్నాలన్నీ మూసి, చల్లారనిచ్చి తెరవాలి. మంట గనక అంటుకుందా, ఇంక తెల్లపొగా ఉండదు, పులుపూ ఉండదు, నల్లగా కమురు పొగ ఒక్కటే. మధ్యాహ్నం మంటల్లోకి పరిగెత్తుకొచ్చినవాడికి పుల్లటి వాసన ఎక్కడ తగిలింది? అంటే అంటుకోకముందే ఆయన బట్టీ పక్కన నిలబడి ఉన్నాడు. పొద్దున్నే ఉన్నాడు. తెల్లపొగ అలా సుళ్ళు తిరుగుతోందంటే మట్టి కప్పు చెక్కు చెదరకుండా ఉందని కూడా అర్థం. అలాంటి బట్టీ దానంతటది పగలదు. ఎవరో పొడవాలి, పొడిస్తే లోపలికి గాలి దూరి భగ్గున అంటుకుంటుంది. ఆ రోజు లారీలు వచ్చి రోడ్డు మీద హారన్లు కొడుతున్నాయని, ఎంత తయారైతే అంతే ఎక్కించెయ్యాలని మేస్త్రి ముందు రోజు నుంచే కాలుకాలిన పిల్లిలా తిరిగాడని ఊళ్ళో ముసలివాళ్ళందరికీ తెలుసు.

తమ్ముడు నిద్రపోలేదు! వాడు మెలకువగానే ఉన్నాడు, ఈ పెద్దమనిషే ఉడకని బట్టీని పొడిచాడు, పొడిచి వాడి నెత్తిన వేశాడు. "చాలా బాగా వచ్చింది సార్" అని రికార్డింగువాళ్ళు మెచ్చుకుంటుంటే, ఆయన ముసిముసిగా నవ్వుతూ "అమ్మాయ్, కాస్త మంచినీళ్ళు" అన్నాడు. అక్క గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. ఇన్నేళ్ళలో ఆ చేతికి ఎన్ని గ్లాసులు అందించిందో తలుచుకుంటే కడుపు భగ్గుమంది.

ఇంటికెళ్ళి భోజనాల దగ్గర భర్తని మామూలుగానే అడిగింది. "ఏవండీ, అడవి కాలిన రోజు పొద్దున బావగారు ఎక్కడున్నారు?"

ఆయనకి నీళ్ళు కొరబోయాయి. దగ్గి దగ్గి, కళ్ళు తుడుచుకుని, "పట్నంలో అనుకుంటా. ఇప్పుడెందుకది?" అన్నాడు. పాపం, అన్నగారి మాట జవదాటడు కదా, ఈయనకేం తెలుసు అనుకుంది అక్క. మొగుడి మీద జాలి పడింది కూడా.

కానీ ఒక్కటి అంతుపట్టలేదు. పొడిచింది మేస్త్రి అయితే, తమ్ముడు కన్నంటుకుందని ఎందుకు ఒప్పుకున్నాడు? భయపెట్టి ఉంటాడు, ఇంకేముంటుంది. ఆ కక్ష కూడా దీనికే కలిపేసుకుంది. నిలదీస్తే ఒప్పుకునే రకమా ఆయన? ఏదో పొగ వాసన పట్టుకుని ముసలివాణ్ణి అల్లరి పెడుతోందని తిరిగి ఈవిడ్నే ఆడిపోసుకుంటారు. నలుగురి ముందు, ఆయన నోటితోనే కక్కించాలి. తమ్ముడు మెలకువగా ఉన్నాడని ఊరు వినాలి. అంతకు తక్కువైతే తన కడుపు చల్లబడదు.

మర్నాడే వెళ్ళింది. "బావగారూ, వార్షికోత్సవానికి నిజం బట్టీ పెడదామండీ. వెనక స్థలం ఖాళీగానే ఉంది కదా. పెద్ద ఆఫీసరమ్మ గారు కొత్త గది తెరవడానికి వస్తున్నారు, ఆవిడ ముందు మీరు బట్టీ తెరిపిస్తే ఎంత బాగుంటుంది!"

కొత్త గదికి ఆయన పేరే పెడుతున్నారు. ఆయన మొహం చాటంతైంది. "అబ్బ, ఏం బుర్రమ్మాయ్ నీది!"

"అంతా మీ దగ్గర నేర్చుకున్నదే బావగారూ" అంది అక్క, పళ్ళ బిగువున.

బట్టీ తనే పేర్చింది, భర్త సాయం పట్టాడు. ఎండు కట్టె షెడ్డు నిండా ఉన్నా, కొత్తగా కొట్టిన కట్టె తెప్పించింది. భర్త ఒక దుంగ గోటితో గీరి చూసి, "పచ్చిగా ఉందే. ఫంక్షన్ నాటికి దీని నీరే దిగదు" అన్నాడు.

"ఉండనీండి."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఇంకేమీ అడగకుండా పేర్చడం మొదలుపెట్టాడు. నిప్పు కూడా కావాలనే ఆలస్యంగా పెట్టింది. పగలు తనే కాపలా కూర్చుంది. పొగ చూస్తూ కూర్చుంటే బుర్రలో ఇంకేం తిరుగుతుంది? బావగారు పలుగు ఎత్తితే ఎలా ఉంటుందో, మట్టి పెళ్ళ విరిగి మంట ఎలా ఎగదన్నుతుందో, ఆ చేతులు ఎలా బొబ్బలెక్కుతాయో, అదే. అయ్యో పాపం అనే మాట ఒక్కసారైనా తట్టిందా అంటే, లేదు. కాలితే కాలనీ అనుకుంది. జనానికి మాత్రం నిప్పురవ్వ తగలకూడదని, గాలి వచ్చే వైపున దూరంగా కుర్చీలు వేయించింది, చుట్టూ నీళ్ళ బకెట్లు పెట్టించింది. బట్టీ ముందు నిలబడే మనిషి ఒక్కడికే ప్రమాదం.

ఆ ఒక్కడు బావగారే ఎందుకవుతాడంటే, దానికో కట్టుబాటు ఉంది. బట్టీ తియ్యమని ఎవరంటారో, మొదటి పోటు వాళ్ళే పొడవాలి. తర్వాత తేడా వస్తే నేననలేదు నువ్వన్నావు అనే గొడవ ఉండకూడదని పాతవాళ్ళు పెట్టుకున్నది. మేస్త్రులైనా, యజమానులైనా దీనికి తలవంచాల్సిందే.

ఫంక్షన్ రోజు రానే వచ్చింది. ముందు వరసలో పాత బట్టీ పనివాళ్ళని కూర్చోబెట్టారు. నడుములు వంగిపోయి, కళ్ళకి మసకలొచ్చి, అయినా వచ్చీరాగానే అందరి చూపూ పొగ మీదికే పోయింది. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఇంకా తెల్లగా ఉందేమిట్రా అని గొణుక్కున్నారు. బావగారికి పొగ చూసే తీరికేది? ఇస్త్రీ చొక్కా, చేతిలో మైకు, పక్కన ఆఫీసరమ్మ. ఆయన ఉపన్యాసం సాగుతూనే ఉంది. అడవి గొప్పతనం కొంత, ఊరి గొప్పతనం కొంత, మిగతాదంతా తన గొప్పతనం.

ఆఫీసరమ్మ వాచీ చూసుకుంది. "ఏమీ అనుకోకండి, నేను ఇంకో చోటికి వెళ్ళాలి. ఆ బట్టీ ఏదో తెరిచేస్తే, గది కూడా తెరిచేసి బయల్దేరతాను."

"అయ్యో, తప్పకుండా! అమ్మాయ్, తియ్యండి బట్టీ!" అన్నాడు బావగారు మైకులో.

అక్క పైట బిగించి దోపుకుంది. "తియ్యమంటున్నది మీరేనా బావగారూ?"

"నేనే నేనే. తియ్యి, తియ్యి."

"అయితే రండి. మొదటి పోటు మీదే."

ముందు వరసలో ముసలివాళ్ళు బోసినోళ్ళతో నవ్వి చప్పట్లు కొట్టారు. కట్టుబాటు మర్చిపోలేదురా ఈ పిల్ల అన్నారు. ఆఫీసరమ్మ ముచ్చటపడి ఫోటో తియ్యడానికి ఫోను ఎత్తింది. ఇంతమందిలో వెనక్కి తగ్గుతాడా? బావగారు మైకు పట్టుకునే, పెళ్ళికొడుకులా నడుచుకుంటూ వచ్చాడు. అక్క రెండు చేతులతో పలుగు అందించి, బట్టీకి ఎదురుగా సరిగ్గా ఎక్కడ నిలబడాలో చూపించింది. సెగ మొహానికి కొట్టింది. ఆయన తలెత్తి అప్పుడు చూశాడు పొగని. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది గానీ, కింద రంగు దిగిపోయింది.

"ఇంకా తెల్లపొగే కదమ్మాయ్" అన్నాడు గొంతు తగ్గించి.

"వినపడటం లేదు బావగారూ, మైకులో చెప్పండి!"

"హెహె, ఇంకొంచెం ఉడకాలనుకుంటా. రేపు తీద్దాంలే."

"ఆఫీసరమ్మ గారు వెళ్ళిపోతానంటున్నారు కదండీ. పైన ఉడికినంత వరకు తీసేద్దాం. లారీలు ఆగి ఉన్నప్పుడు మీరు అలాగే కదా అనేవారు?"

ఆయన చురుక్కున చూశాడు. అక్క చూపు తిప్పుకోలేదు. "కానివ్వండి బావగారూ, పొడవండి. అందరూ చూస్తున్నారు" అని ఆయన చేతి మీద చెయ్యి వేసి పలుగు ముందుకి నెట్టింది. మొన మట్టి కప్పుకి తగిలి చిన్న పెళ్ళ రాలింది. కన్నంలోంచి ఎర్రటి నాలుక ఒకటి బుస్సుమని వచ్చి వెనక్కిపోయింది.

"చంపుతావా ఏమే పిచ్చిదానా!" బావగారు పలుగు వదిలేసి వెనక్కి గెంతాడు. "ఉడకని బట్టీ పొడిస్తే మంట మొహం మీదికే వస్తుంది! నాకు తెలియదనుకున్నావా? ఆ రోజూ ఇలాగే..."

మైకు ఇంకా ఆయన గుప్పిట్లోనే ఉంది. ఆ రోజూ ఇలాగే అన్న మాట స్పీకర్లలోంచి వెళ్ళి, డిపో గోడకి కొట్టుకుని తిరిగొచ్చింది. ముందు వరసలో నవ్వులు ఆగిపోయాయి.

"ఏ రోజు బావగారూ?" అంది అక్క. "మీరు పట్నంలో ఉన్నారు కదా ఆ రోజు?"

"అంటే... విన్నాను. మీ తమ్ముడే చెప్పాడు."

"నిద్రపోయినవాడు ఏం చూసి చెప్పాడండీ?"

"ఏయ్, నోరు అదుపులో పెట్టుకో! తెచ్చి ఇంట్లో పెట్టుకున్నందుకు బాగానే బుద్ధి చెప్తున్నావు. నేను పొడిచానా? ఎవడు చూశాడు? చూసినవాణ్ణి రమ్మను!"

ఎవరూ కదల్లేదు. ఇంత దూరం లాక్కొచ్చి ఇక్కడ జారిపోతాడా అనిపించింది అక్కకి. అప్పుడు బట్టీ పక్కన బకెట్టు పట్టుకుని నిలబడ్డ ఆమె భర్త, బకెట్టు కింద పెట్టాడు.

"నేను చూశాను అన్నయ్యా."

"ఒరేయ్!"

"నేను కట్టె మోసుకుని అప్పుడే వచ్చాను. వాడు వద్దు మేస్త్రి గారూ, ఇంకా నీరు దిగలేదు, వద్దు అని నీ చెయ్యి పట్టుకుని లాగాడు. నువ్వు విదిలించుకుని పొడిచావు. వాడు నిద్రపోలేదు. కన్ను కూడా మూయలేదు."

ఆ క్షణంలో అక్కకి కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. తమ్ముడి భుజం మీద నుంచి ఎవరో బండరాయి దించినట్టు, వాడు ఎక్కడో నడుం నిటారుగా చేసి నిలబడ్డట్టు అనిపించింది. ఊరు వింది. బావగారి మొహాన నెత్తురు చుక్క లేదు. ఇదీ కావలసింది, ఇదే.

ముందు వరసలోంచి ఒక ముసలాయన కర్ర ఆనించుకుని లేచాడు. "మరి వాడు కన్నంటుకుందని ఎందుకు ఒప్పుకున్నాడురా? వాడి మొహాన ఉమ్మేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎందుకు చెప్పలేదు వాడు?"

భర్త జవాబు ఆయనకి చెప్పలేదు. అక్కవైపు తిరిగి చెప్పాడు. "నోరు విప్పితే ఈ పెళ్ళి జరగదన్నాడు అన్నయ్య. మూసుకుంటే, మీ అక్క మా ఇంటి కోడలే అన్నాడు. వాడు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. సరేనన్నాడు. నేనక్కడే ఉన్నాను."

అక్కకి ఇంటి గేటు గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో తమ్ముడు ఒకసారి చూడటానికి వచ్చాడు. బావగారి కంట పడితే బాగుండదని గేటు దగ్గరే ఆపేసి, ఇంకెప్పుడూ రాకురా, నీ వల్ల ఇప్పటికే తలెత్తుకోలేకపోతున్నాను అని పంపేసింది. వాడు తల ఊపి, "నువ్వు బాగున్నావుగా అక్కా, చాల్లే" అని వెళ్ళిపోయాడు. ఏ ఇంటి కోసం వాడు తన బతుకు ధారపోశాడో, ఆ గడప కూడా తొక్కనివ్వలేదు. భర్త అప్పుడు వసారాలోనే కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు. వినీ మాట్లాడలేదు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా లేదు. ముసలివాళ్ళు బావగారి వైపు చూడకుండా ఒక్కొక్కళ్ళే లేచి వెళ్ళిపోయారు. ఆఫీసరమ్మ కొత్త గది తెరవకుండానే కారెక్కింది. గోడ మీది బోర్డు పీకేశారు, పెట్టెలో బావగారి గొంతు తీసేశారు, అధ్యక్ష పదవి ఆయనే వదిలేసుకున్నాడు. వదలక ఏం చేస్తాడు? బజారుకి వెళ్తే పలకరించే దిక్కు లేదు. ఆయన గుమ్మంలో కూర్చుని దారినపోయేవాళ్ళ వైపు ఆశగా చూస్తుంటే అక్క కళ్ళారా చూసింది. కడుపు చల్లబడిందా అంటే, ఆయన వరకూ చల్లబడింది. దాచడమెందుకు, తృప్తిగానే ఉంది.

మరి రెండోవాడు? ఫంక్షన్ అయిన సాయంత్రం భర్త బట్టీ దగ్గరికి టీ తెచ్చాడు. అక్క కన్నాలు సర్దుతోంది. గ్లాసు అందుకోలేదు.

"నిజం చెప్పానుగా" అన్నాడాయన. "నీ కోసమే చెప్పాను."

"ఇవాళ చెప్పారు. వాడు బతికుండగా చెప్పలేదు."

"నువ్వంటే ఇష్టం. నువ్వు పోతావని భయం. అప్పుడు నాకు..."

"వాడికీ నేనంటే ఇష్టమే."

తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి అన్నాడాయన. ఒక్క రోజు తిట్టించుకుని చేతులు దులుపుకుందామని! అక్క నింపాదిగా చేతుల మట్టి కడుక్కుంది.

"రేపట్నుంచి మ్యూజియంలో కథ మీరు చెప్తారు. ఎంతమందొస్తే అంతమందికీ, ఎన్నిసార్లొస్తే అన్నిసార్లూ. అన్నగారి సంగతే కాదు, మీ సంగతి కూడా. నేను పక్కనే కూర్చుని వింటాను."

మర్నాడు స్కూలు పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. ఆయన రంపాల గోడకి వీపు ఆనించి, చెప్పడం మొదలుపెట్టాడు. మేస్త్రి పొడిచాడన్నాడు, కాపలా ఆయన మెలకువగానే ఉన్నాడన్నాడు, ఆపబోయాడన్నాడు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ముందు వరసలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది.

"మీరు అక్కడే ఉన్నారు కదా తాతయ్యా, మరి ఎందుకు చెప్పలేదు?"

ఇంత జీవితంలో ఎప్పుడు మాట తడబడినా అందుకుని ఒడ్డున పడేసే మనిషి ఒకతే, ఆమె వైపు చూశాడాయన. అక్క కిటికీ దగ్గర కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది.

"చెప్పండి" అంది. "పిల్ల అడుగుతోంది కదా."